పొలం ఫోటో ఫోన్‌లో ఎందుకు తేలిపోతుంది: పల్లె దృశ్యాలు తీయడం, మొదటినుంచి చివరిదాకా

సంక్రాంతికి ఊరెళ్ళొచ్చిన ఎవరి ఫోన్ తీసి చూసినా ఒక ఫోటో తప్పకుండా ఉంటుంది. పైన సగం తెల్లగా వెలిసిపోయిన ఆకాశం, కింద సగం పచ్చటి పట్టీ, రెండిటి మధ్యలో వేలెడంత కొబ్బరిచెట్లు, ఒక మూల నుంచి ఇంకో మూలకి కరెంటు తీగ. గట్టు మీద నిలబడి చూసినప్పుడు అబ్బ అనిపించింది, తీరా ఇంటికొచ్చి చూసుకుంటే ఉసూరుమంటుంది. ఫోన్ పాతదైపోయిందేమో అనుకుని కొత్తది కొంటారు. అదే తీగ, అదే తెల్ల ఆకాశం ఇంకాస్త స్పష్టంగా వస్తాయి.

పొలంలో ఉన్నప్పుడు మనకి చల్లగాలి తగులుతుంది, తడిమట్టి వాసన వస్తుంది, బోదెలో నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది, కన్ను తనకి నచ్చినదాని మీద నిలిచి మిగతాది పట్టించుకోదు. కెమెరాకి ఇవేవీ లేవు. ఎదురుగా ఉన్నదంతా, తీగతో సహా, ఒకే శ్రద్ధతో పట్టుకొచ్చి పడేస్తుంది. అందుకే ఏరుకునే పని మనదే. ఇది ఏ ల్యాండ్‌స్కేప్‌కైనా వర్తించే మాటే అనుకోండి, పల్లె విషయంలో ఇంకోటి కూడా ఉంది. కొండైనా సముద్రమైనా వాటంతటవే ఉంటాయి, పొలం అలా కాదు. ఆ గీతలు, ఆ రంగు, ఆ నీటి మెరుపు, అన్నీ ఆ వారంలో ఎవరో నడుం వంచి చేసిన పని వల్ల వచ్చినవే. ఆ పని తెలిసి తీసినవాళ్ళ ఫోటోకీ, కారాపి దిగి నొక్కి వెళ్ళిపోయినవాళ్ళ ఫోటోకీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లెన్సుల గోల ఆ తర్వాత.

ఉదాహరణలు ఎక్కువగా కోనసీమ వరిపొలాల నుంచే ఇస్తాను. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడితే ఆ చోటే సగం పని చేసిపెడుతుంది. కోనసీమలో ఆ వెసులుబాటు లేదు, చూపు ఆనినంత మేరా చదునే. అక్కడ కుదిరిన పద్ధతి ఎక్కడైనా కుదురుతుంది.

ముందు ఊళ్ళో ఏ పని నడుస్తోందో కనుక్కోండి

ఎప్పుడు వెళ్ళాలి అంటే అందరూ "వానాకాలం, పచ్చగా ఉంటుంది" అంటారు. నిజానికి ఆ పచ్చదనమే తీయడానికి కష్టం. నాటిన మూడు నాలుగు వారాలకి పైరు దుబ్బు కట్టి నీటిని కప్పేస్తుంది, మడికీ మడికీ మధ్య గట్టు కూడా గడ్డితో పచ్చగానే ఉంటుంది, ఇక కంటికి పట్టు దొరకదు. అంతా ఒకటే రంగు, గీత లేదు, అంచు లేదు. ఆ సమయంలో తీసిన ఫోటోలే ఎక్కువగా తేలిపోతాయి.

గోదావరి డెల్టాలో సాధారణంగా జూన్‌లో కాలువలకి నీళ్ళు వదులుతారు. మొదట నారుమళ్ళు పోస్తారు. చుట్టూ గోధుమరంగు బీడు, మధ్యలో ఒక్క చిన్న మడి మాత్రం కళ్ళు జిగేల్మనే లేతపచ్చ. ఫోటో నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా సులువైన సబ్జెక్టు ఉండదు, ఎందుకంటే ఏరుకునే పని పొలమే చేసేసింది. తర్వాత జులై, ఆగస్టుల్లో దమ్ములు. ట్రాక్టరు ఇనప చక్రాలతో బురద కలియదున్నుతుంటే దాని వెనకాలే తెల్లకొంగలు దిగుతాయి, తిరగబడిన మట్టిలో పురుగుల కోసం. ట్రాక్టరు మలుపు తిరిగే చోట మడి మూలన కాచుకుని ఉండండి. అది మళ్ళినప్పుడల్లా కొంగలన్నీ ఒక్కసారిగా లేచి ఓ రెండు గజాల ఎత్తుకి ఎగిరి మళ్ళీ వాలుతాయి. డ్రైవరు ఎన్నిసార్లు తిరిగితే అన్ని అవకాశాలు.

ఆ తర్వాత వచ్చేదే అసలైన సమయం. దమ్ము అయిపోయి, మడి చదును చేసి, నాటు పడేలోపు ఆ కాస్త వ్యవధిలో పొలం మొత్తం నీళ్ళతో నిలిచి ఉంటుంది. బురద అడుక్కి దిగిపోయి నీరు తేరుకుంటుంది. తెల్లవారుజామున గాలి లేకపోతే ఆకాశమంతా పొలంలోనే ఉంటుంది, నల్లటి గట్లు దాన్ని గళ్ళు గళ్ళుగా కోస్తాయి. ఈ అవకాశం ఒక్కో మడిలో రెండు మూడు రోజులకి మించి ఉండదు, కూలీలు దొరికితే మర్నాడే నాటేస్తారు. పక్క ఊళ్ళో అప్పుడే దమ్ము మొదలై ఉండొచ్చు, కాబట్టి కాలువ వెంట కింద ఊళ్ళకి వెళ్ళి చూడండి, నీళ్ళు ఆలస్యంగా అందిన చోట పనులూ ఆలస్యంగానే నడుస్తుంటాయి.

కోతల ముందు ఇంకో మంచి సమయం ఉంది. 120 రోజుల్లో కోతకొచ్చే రకాలున్నాయి, స్వర్ణ లాంటివి 150 దాకా తీసుకుంటాయి. పైగా అందరూ ఒకే రోజు నాటరు. దాంతో నవంబరులో ఒక మడి పండి బంగారు రంగులో ఉంటే పక్కది ఇంకా పచ్చగానే ఉంటుంది, దాని పక్కది కోసేసి గడ్డి పరిచి ఉంటుంది. మూడు రంగులు, మధ్యలో గట్లు. రెండో పంట దాళ్వాకి ఇదంతా డిసెంబరు, జనవరిల్లో మళ్ళీ మొదలై ఏప్రిల్‌లో కోతలకి వస్తుంది.

తెలంగాణలో వానాకాలం, యాసంగి పనుల తేదీలు చెరువు నిండటాన్ని బట్టీ బోరు నీళ్ళని బట్టీ ఊరూరికీ మారతాయి. బతుకమ్మ రోజుల్లో గట్ల మీద గునుగు తెల్లగా, తంగేడు పసుపుగా పూస్తాయి, చెరువు నిండుగా ఉంటే మత్తడి (అలుగు) దూకుతుంటుంది. గుంటూరు వైపు వేసవి మొదట్లో కల్లాల మీద ఎర్రగా మిర్చి ఆరబోస్తారు. అరకులో చలి మొదలయ్యేసరికి వలిసెపూలు కొండవాలు మొత్తం పసుపుగా ఉంటాయి, అయితే అక్కడ పూల కన్నా సెల్ఫీలు తీసుకునేవాళ్ళే ఎక్కువ కనబడుతున్నారు ఈ మధ్య.

ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఊళ్ళో ఉన్న బాబాయికో మావయ్యకో ఫోన్ చేసి "మనవైపు దమ్ములు మొదలయ్యాయా, నీళ్ళొచ్చాయా?" అని అడగండి. వాతావరణం యాప్ చూసి బయల్దేరడం కన్నా ఈ ఒక్క ఫోన్ కాల్ ఎక్కువ పనికొస్తుంది.

వెలుగు: మన దగ్గర చాలా తొందరగా జారిపోతుంది

ఉదయం సాయంత్రం వెలుగు మంచిదని అందరికీ తెలిసిందే. యూట్యూబ్‌లో విదేశీ ఫోటోగ్రాఫర్లు గోల్డెన్ అవర్ అంటూ తీరిగ్గా గంటల కొద్దీ తీస్తుంటారు, అది చూసి మనమూ తీరిగ్గా లేస్తే పని జరగదు. మనం భూమధ్యరేఖకి దగ్గర, ఇక్కడ సూర్యుడు ఏటవాలుగా కాదు, దాదాపు నిట్టనిలువుగా లేస్తాడు. ఆరు డిగ్రీల ఎత్తుకి రావడానికి సుమారు అరగంటే పడుతుంది, గంట గడిచేసరికి వెలుగులో ఆ మెత్తదనం పోతుంది. ఇక నడినెత్తిన సూర్యుడంటే మనకి అక్షరాలా నడినెత్తినే. హైదరాబాద్‌లో మే 9న, ఆగస్టు 3న మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడే పడదు. నీడ లేకపోతే గట్టుకి ఎత్తు లేదు, చాలుకి లోతు లేదు, పొలమంతా చాపలా పరుచుకుపోతుంది.

సూర్యోదయం టైము కూడా ఊరిని బట్టి చూసుకోండి. భారత కాలమానానికి లెక్కగా తీసుకునే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. అందుకే కోనసీమలో జూన్‌లో ఐదున్నరకే సూర్యుడు వచ్చేస్తాడు, హైదరాబాద్‌లో దాదాపు పావుగంట ఆలస్యం. సూర్యుడి కన్నా అరగంట ముందు మీరు గట్టు మీద ఉండాలి, ఎందుకంటే నీళ్ళ మడుల్లో అందమైన రంగు తరచుగా సూర్యుడు రాకముందే వచ్చి పోతుంది. ఇంకో సంగతి, జూన్‌లో సూర్యుడు తూర్పు నుంచి ఈశాన్యం వైపు 25 డిగ్రీల దాకా జరిగి ఉదయిస్తాడు, డిసెంబరులో ఆగ్నేయం వైపు అంతే జరుగుతాడు. సంక్రాంతికి కాలువ చివర సూర్యుడు బాగా కుదిరాడు కదా అని జులైలో అక్కడికే వెళ్తే సూర్యుడు ఎవరి డాబా వెనకో ఉంటాడు. ముందు రోజే ఫోన్‌లో సన్ సర్వేయర్ లాంటి యాప్ తెరిచి చూసుకోండి.

సూర్యుణ్ణి వెనక పెట్టుకుని తీయమని మన పెద్దవాళ్ళు చెప్పేవారు. రీలు కెమెరాల కాలానికి అది సరే. పొలానికి మాత్రం వెలుగు పక్కనుంచి గానీ ఎదురుగా గానీ రావాలి. పక్కనుంచి వస్తే ప్రతి గట్టుకీ ఒక నీడ, ప్రతి కొబ్బరిచెట్టుకీ ఒక వెలుగు అంచు వస్తాయి. ఎదురుగా వస్తే ఏమవుతుందో ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని వరి ఆకుని దగ్గరగా చూడండి. వెనకనుంచి ఎండ పడినప్పుడు లేత ఆకు వెలుగుని తనలోంచి పోనిస్తుంది, మధ్య ఈనె కాస్త ముదురుగా, రెండు పక్కలా నిమ్మపచ్చగా, చివర మంచుబొట్టు. అదే ఆకుని సూర్యుడి వైపు నిలబడి చూస్తే పైన బూడిదరంగు మెరుపు తప్ప ఏమీ కనిపించదు. ఆకు అదే, టైము అదే, మీరు అటు తిరిగారా ఇటు తిరిగారా అన్నదే తేడా.

మబ్బు పట్టిన రోజు ఇంట్లో కూర్చోకండి. ఆకాశం ఒకటే బూడిదరంగులో ఉంటే దాన్ని ఫ్రేమ్‌లోంచి పూర్తిగా తీసేసి కింద పని మీదే దృష్టి పెట్టండి, నీడలు కరుగ్గా లేని ఆ వెలుగులో పచ్చలో ఎన్ని పచ్చలున్నాయో తెలుస్తుంది. అన్నిటికన్నా గొప్ప వెలుగు వానాకాలం సాయంత్రాల్లో వస్తుంది. తూర్పున కారుమబ్బు కమ్మి ఉంటుంది, పడమట మబ్బు చీలి కాస్త ఎండ పొలం మీద ఏటవాలుగా పడుతుంది. నీలిరంగు మబ్బు ముందు పొలం వెలిగిపోతుంది. అప్పుడు అందరూ అస్తమించే సూర్యుడి వైపు ఫోన్లు పెట్టి ఉంటారు, మీరు వెనక్కి తిరగండి. వాన పడుతుంటే ఇంద్రధనుస్సు కూడా అటే వస్తుంది. ఉరుము వినిపిస్తే మాత్రం ఫోటో వదిలేసి పొలంలోంచి బయటికి వచ్చెయ్యండి, మైదానంలో అందరికన్నా ఎత్తుగా ఉండేది మీరే.

మంచు గురించి రెండు ముక్కలు. ముందురోజు రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకుండా, నేల తడిగా ఉంటే పొద్దున్న మంచు పట్టే అవకాశం ఎక్కువ, అందుకే భోగి రోజుల్లో కాలువల పక్కన అంత దట్టంగా ఉంటుంది. మంచు దూరాన్ని వరసలు వరసలుగా విడదీస్తుంది, దగ్గరి చెట్టు నల్లగా, దాని వెనకది బూడిదరంగు, ఆ వెనకది ఉందో లేదో అన్నట్టు. మామూలుగా ఒకదానిమీద ఒకటి పడి చిందరవందరగా కనిపించే కొబ్బరితోట మంచులో తనంతట తనే సర్దుకుంటుంది. కెమెరా దీన్ని చూసి మసగ్గా తీస్తుంది, ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) కొంచెం పెంచాలి. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది, కాసేపు బయటి గాలికి ఉంచి తర్వాత తీయండి.

కాళ్ళకి పని చెప్పండి

చదునైన పొలంలో ఐదున్నర అడుగుల ఎత్తు నుంచి చూస్తే వంద గజాల అవతలున్న మడీ, అర కిలోమీటరు అవతలున్న మడీ ఒకదాని మీద ఒకటి అణిగి సన్నటి గీతైపోతాయి. అంత విశాలంగా అనిపించింది ఫోటోలో పట్టీలా రావడానికి కారణం ఇదే. దీనికి రెండు మందులు, పైకి ఎక్కడం లేదా కిందికి దిగడం.

పైకి ఎక్కడానికి కొండలు అక్కర్లేదు. పంట కాలువ గట్టు పొలం కన్నా ఎత్తులో ఉంటుంది. కాలువ మీద వంతెన, లాకుల దగ్గర మెట్లు, ఎవరిదైనా డాబా, ఇవి చాలు. నాలుగడుగులు పైకి వెళ్ళగానే గట్ల గళ్ళు విడిపోయి కనిపిస్తాయి. డాబా ఎక్కాలంటే మాత్రం అడిగి ఎక్కండి, "పిన్నిగారూ, ఒకసారి మేడ మీంచి పొలం ఫోటో తీసుకుంటానండి" అంటే కాదనేవాళ్ళు తక్కువ, కాఫీ కూడా ఇస్తారు, ఆ కాఫీ తాగేలోపు వెలుగు పోతుంది, అది వేరే సంగతి. డ్రోన్ ఉంటే, ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోకుండా ఎగరెయ్యకండి. నా మట్టుకు నాకు డ్రోన్ ఫోటోలు ఈమధ్య మొహం మొత్తాయి, అన్నీ ఒకే ఎత్తునుంచి తీసినట్టుంటాయి.

కిందికి దిగడం అంటే నిజంగానే బురదలోకి. నీళ్ళ మడి పక్కన ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుని, లెన్సు నీటికి జానెడు ఎత్తులో ఉండేలా పెడితే, నిలబడి చూసినప్పుడు చిన్న మడుగులా ఉన్నది సరస్సంత అవుతుంది. కొత్తగా నాటిన మడిలో ఇలా పెడితే ముందున్న నాలుగు పిలకలూ, నీళ్ళలో వాటి నీడలూ పెద్దగా వచ్చి వెనక చెట్లతో మాట్లాడుతున్నట్టుంటాయి.

ఎత్తు కుదిరాక పక్కలకి జరగండి. ఒక తాటిచెట్టు ఉందనుకుందాం. దాని తల సరిగ్గా వెనకనున్న చెట్లవరసలో కలిసిపోయి ఉంది. రెండడుగులు ఎడమకి జరిగితే ఖాళీ ఆకాశంలోకి వస్తుంది. అంతే, ఇప్పుడు అది తాటిచెట్టు, ఇందాక అది పచ్చటి మరక. జూమ్ చేస్తే ఇది జరగదు, జూమ్‌తో అన్నీ కలిసే పెరుగుతాయి. ప్రతి ముఖ్యమైన వస్తువు చుట్టూ కాస్త ఖాళీ ఉండేలా చూసుకోవడమే ఈ పనిలో సగం.

గట్టుని ఫోటోలోకి దారిలా వాడుకోవడం అందరూ చెప్పేదే. అయితే ఆ గట్టు ఎక్కడికి తీసుకెళ్తోందో చూడండి. చూపు గట్టు వెంబడి నడిచి వెళ్ళి చివర ఒక మోటారు షెడ్డు దగ్గరో, మనిషి దగ్గరో, చెట్టు దగ్గరో ఆగాలి. చివర ఏమీ లేకపోతే చూసేవాడు తిరుగు టపాలో వెనక్కి వచ్చేస్తాడు.

కరెంటు తీగల సంగతి. స్తంభాలు చాలాచోట్ల రోడ్డు వెంట ఉంటాయి, మనం ఫోటో తీసేదీ రోడ్డు మీంచే. రెండు మడులు దాటి లోపలికి వెళ్తే తీగలు మన వెనక్కి వెళ్ళిపోతాయి. గట్టు జారుడుగా ఉంటుంది, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళడం మేలు, కాకపోతే పాము భయం ఉన్న చోట బూట్లే నయం. అడవి అంచు ఊళ్ళల్లో పందుల కోసం కొందరు కంచెకి కరెంటు పెడుతుంటారు, చీకట్లో తీగ కనిపించిన చోటికి వెళ్ళనే వద్దు. నారు తొక్కకండి. ఇది ఫోటోగ్రఫీ సలహా కాదు, మర్యాద.

నొక్కే ముందు ఒక మాట పైకి అనుకోండి

"ఎందుకు తీస్తున్నాను?" అని మిమ్మల్ని మీరే అడిగి ఒక్క వాక్యంలో జవాబు చెప్పుకోండి. "చాలా బాగుంది" అంటే లెక్కలోకి రాదు. "గట్టు మీద ఒక్క కొబ్బరిచెట్టు మొదలు మీద మాత్రమే ఎండ పడింది" అంటే అది జవాబు. ఇప్పుడు ఫ్రేమ్‌లో ఆ వాక్యంలో లేనివి ఏమున్నాయో చూడండి. ఆకాశం గురించి వాక్యంలో ఒక్క ముక్క లేదు, మరి ఫ్రేమ్‌లో సగం ఆకాశం ఎందుకు? పక్కనున్న బైకు ఎందుకు? ఒక్కొక్కటే బయటికి పంపండి. ఎంతకీ జవాబు తట్టకపోతే తీయకపోయినా పెద్ద నష్టం లేదు, కాసేపు కూర్చుని చూసి రండి.

ఆకాశానికి ఎంత చోటు ఇవ్వాలన్నది అది ఎంత చెబుతోందన్నదాన్ని బట్టి ఉంటుంది. మబ్బులు బాగుంటే మూడొంతుల ఫ్రేమ్ ఇచ్చేయండి, నేలని సన్నటి అంచుగా ఉంచండి. తెల్లగా ఉంటే పూర్తిగా కోసేయండి, ల్యాండ్‌స్కేప్‌లో ఆకాశం ఉండి తీరాలని ఎవరూ శాసనం రాయలేదు. సరిగ్గా మధ్యకి కోయడం మామూలుగా బాగోదు గానీ నీళ్ళ మడిలో నీడ పూర్తిగా పడినప్పుడు మధ్యకి కోస్తేనే బాగుంటుంది.

తర్వాత నాలుగు మూలలూ ఒకసారి చూడండి. మూలల్లోకి సగం దూరిన కొమ్మ, ప్లాస్టిక్ కవరు, మీ నీడ, ఇవన్నీ తీసేటప్పుడు కనిపించవు, ఇంటికొచ్చాక ఇవే కనిపిస్తాయి. ఏఐ రబ్బరుతో చెరిపెయ్యొచ్చు కదా అంటారు. చెరపండి, కాదనను, కానీ అది చెరిపిన చోట వేసే గడ్డి ఏ పొలంలోనూ మొలవదు.

అడ్డంగానే తీయాలని కూడా లేదు. కొబ్బరిచెట్టు, దాని కింద నీళ్ళు, నీళ్ళలో మళ్ళీ కొబ్బరిచెట్టు, ఇది నిలువు ఫోటో.

మనుషులు

పల్లె దృశ్యంలో ఒక మనిషి ఉంటే పొలం ఎంత పెద్దదో తెలుస్తుంది. మనిషి చిన్నగా ఉన్నా ఫరవాలేదు, ఆకారం విడిగా తెలియాలి. గట్టు మీద నడిచేవాళ్ళని తీసేటప్పుడు రెండు కాళ్ళూ విడివడిన అడుగు కోసం ఆగండి, కాళ్ళు కలిసిన క్షణంలో నొక్కితే గుంజలా కనిపిస్తారు. నెత్తిన గంప, భుజాన పార ఉంటే అవి ఆకాశంలోకి వచ్చేలా మీరు కాస్త కిందికి వంగండి.

నాట్ల ఫోటోలు తీసేవాళ్ళు చాలామంది ఎక్కడ నిలబడాలో తెలియక వంగి ఉన్న వీపులే తీసుకొస్తారు. చూడటానికి బాగోదు, ఆ ఆడవాళ్ళకీ ఇబ్బందే. నాటు వేసేవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తారు, నాటిన పైరు వాళ్ళ ముందు ఉంటుంది. కాబట్టి వాళ్ళు మొదలుపెట్టిన గట్టు వైపు మీరు నిలబడితే మీకూ వాళ్ళకీ మధ్య కొత్తగా నాటిన వరసలుంటాయి, ఆ వరసల చివర వాళ్ళ మొహాలు మీ వైపే ఉంటాయి. కట్ట విప్పడానికి ఒకామె నడుం ఎత్తుతుంది, పక్కామె ఏదో అంటుంది, అందరూ నవ్వుతారు. అదీ ఫోటో.

అడగకుండా తీయకండి. "అమ్మా, ఒక ఫోటో తీసుకోనా?" అంటే "బురద మొహాలు ఏం బాగుంటాయి బాబూ, తీసుకో" అంటారు ఎక్కువమంది. వద్దంటే వద్దు. తీసింది చూపించండి, వాళ్ళ పిల్లల నంబరుకి వాట్సాప్‌లో పంపండి. పంపిస్తామని చెప్పి మర్చిపోయేవాళ్ళ వల్లే తర్వాత వచ్చేవాళ్ళని ఎవరూ నమ్మరు. మళ్ళీ నడవమనీ ఎడ్లబండి అటు తిప్పమనీ పురమాయించకండి. వాళ్ళు పనిలో ఉన్నారు, కూలి డబ్బులు మీరివ్వట్లేదు.

సెట్టింగులు, తొందరగా

ఫోన్ అయితే ముందు లెన్సు తుడవండి. సగం ఫోటోల్లో పొగలా కనిపించేది వేలిజిడ్డు. గ్రిడ్ ఆన్ చేసుకోండి, కాలువ వాలిపోకుండా ఉంటుంది. నిష్పత్తి 4:3లో పెట్టుకోండి, 16:9 అంటే చాలా ఫోన్లలో పైనా కిందా కోసేయడమే. వెలుగున్న చోట వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి, తర్వాత వేలు కిందికి జరిపి కొంచెం తగ్గించండి. నల్లబడిన నేలని తర్వాత కొంత తేల్చుకోవచ్చు, తెల్లగా కాలిపోయిన ఆకాశాన్ని ఎవరూ తిరిగి తేలేరు. తెల్లకొంగలకీ ఇదే సూత్రం.

అల్ట్రావైడ్ జోలికి ఊరికే వెళ్ళకండి. అన్నీ పడతాయని దాన్ని వాడతాం, అన్నీ పడటమే మన సమస్య అని ఇంతసేపూ చెప్పుకుంటున్నాం. ముందర దగ్గరగా ఏదైనా గట్టి వస్తువు ఉంటేనే అది పనికొస్తుంది. 3ఎక్స్ లెన్సుతో దూరం గట్లని దగ్గరగా లాగితే అవి మెట్లు మెట్లుగా పేర్చినట్టు వస్తాయి, చదును నేలకి అదే ఎక్కువ నప్పుతుంది. చీకటి వేళ కొన్ని ఫోన్లు 3ఎక్స్ నొక్కినా మెయిన్ లెన్సునే కోసి చూపిస్తాయి, టెలీ (3ఎక్స్) లెన్సుని వేలితో మూసి చూస్తే దొరికిపోతాయి.

కెమెరా ఉన్నవాళ్ళకి: రా ఫైలు (కెమెరా మార్పులు చెయ్యని ముడి ఫైలు), ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే మోతాదు) 100, లెన్సు రంధ్రం ఎఫ్/8 నుంచి ఎఫ్/11, ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్. ఫుల్‌ఫ్రేమ్ మీద 24 ఎం.ఎం. లెన్సు ఎఫ్/11లో పెట్టి రెండు మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే సుమారు మీటరు నుంచి చూపు ఆనేదాకా స్పష్టంగా వస్తుంది, ప్రతిదానికీ లెక్కలు వెయ్యక్కర్లేదు. ఎగిరే కొంగలకి 1/1000 సెకను, ఐఎస్‌ఓ పెరిగినా పెరగనివ్వండి. గాలికి పైరు ఊగుతుంటే ఒకటి రెండు సెకన్ల ఎక్స్‌పోజర్‌తో ఆ ఊపుని కూడా తీయొచ్చు. లెన్సు ముందు తొడిగే పోలరైజర్ ఫిల్టరు ఆకుల మీది మెరుపు తీసేసి అసలు పచ్చని బయటపెడుతుంది, సూర్యుడు మీకు భుజం పక్కన ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. అదే పోలరైజర్ నీళ్ళ మడిలో ఆకాశం నీడని కూడా మింగేస్తుంది, కాబట్టి దమ్ముల వారంలో సంచిలోనే ఉంచండి.

ఇంటికొచ్చాక

1941 నవంబరు 1 సాయంత్రం అమెరికాలో న్యూమెక్సికో దారిలో వెళ్తూ ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ హెర్నాండెజ్ అనే చిన్న పల్లె దగ్గర కారు ఆపాడు. ఊరి మీద చంద్రుడు లేచాడు, సమాధుల మీది శిలువల మీద ఆఖరి ఎండ. వెలుగు కొలిచే మీటరు చేతికి దొరకలేదు, చంద్రుడి కాంతి ఎంతో గుర్తుండటంతో దాన్నిబట్టి ఎక్స్‌పోజర్ లెక్కకట్టి ఒక్క నెగటివ్ తీశాడు, రెండోది తీసేలోపు ఎండ పోయింది. మనకి పనికొచ్చేది ఆ తర్వాతి కథ. తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బు చారలు బూడిదరంగులో కనిపిస్తాయి. దశాబ్దాల పాటు ప్రింట్ చేస్తూ ఆకాశాన్ని నల్లబరుస్తూ పోయాడు, చివరికి పైభాగమంతా దాదాపు నల్లబడిపోయింది. ఎడిటింగ్ మోసం అనుకునేవాళ్ళకి ఇది చెప్పండి. ఆయన కొత్తగా ఏదీ చేర్చలేదు, ఉన్నదాంట్లో దేన్ని చూడాలో చెప్పాడు.

స్నాప్‌సీడ్, లైట్‌రూమ్ లాంటి ఎడిటింగ్ యాప్‌లో ముందు నేలా ఆకాశం కలిసే గీత వాలకుండా సరిచెయ్యండి, తర్వాత అంచులు కోయండి. తర్వాత రంగులు. ఫోన్లు పచ్చని విషంలా చేసిపెడతాయి, అసలు వరిపచ్చలో పసుపు పాలు ఎక్కువ. గ్రీన్ శాచురేషన్ (పచ్చరంగు గాఢత) తగ్గించి, రంగుని కాస్త పసుపు వైపు జరపండి, అదే ఫోటో ఒక్కసారి మన ఊరి పొలంలా మారుతుంది. ఆ తర్వాత బ్రష్ తీసుకుని అక్కర్లేని మూలల్ని కొంచెం చీకటి చేసి, మీరు పైకి అనుకున్న వాక్యంలో ఉన్నదాన్ని కొంచెం వెలిగించండి. చూసినవాళ్ళకి ఎడిట్ చేసినట్టు తెలిస్తే ఎక్కువైందని అర్థం. ఫిల్టర్లు వద్దు. మర్నాడు పొద్దున్న ఒకసారి చూస్తే రాత్రి ఎంత అతి చేశామో తెలుస్తుంది.

ప్రింట్ వేయించేట్టయితే ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూసుకోండి, కాగితం మీద ఎప్పుడూ ఇంకాస్త ముదురుగానే వస్తుంది. స్టూడియో వాళ్ళకి "కలర్ కరెక్షన్ వద్దండి" అని ముందే చెప్పండి, లేకపోతే మంచు రోజు తీసిన ఫోటోకి కూడా కాంట్రాస్ట్ పెంచేసి ఎండలో తీసినట్టు చేసిస్తారు. గోడకి పెట్టేదైతే మాట్ ఫినిష్ అడగండి, గ్లాసీలో ట్యూబ్‌లైటు తప్ప పొలం కనిపించదు.